నీలం దారం లేని దూడ

మా ఆయన పోయిన మూడో నెలలో ఆయన అక్క, అంటే మా వదిన, వచ్చి, "ఎంతసేపు చూసినా ఆ గోడలేం జవాబు చెప్పవు గానీ, లేవవే. బకెట్లు కడగడానికి మనిషి కావాలి" అంది. అలా ఆవిడ పనిచేసే డెయిరీలో దూడల కొట్టంలోకి వెళ్ళాను.

వదిన ముప్ఫై ఏళ్ళుగా దూడల్ని సాకుతోంది. అందరూ దూడలమ్మ అంటారు. చదివింది మూడో తరగతి. పేడ వాసన చూసి ఏ దూడ ఒంట్లో బాగాలేదో చెప్పేస్తుంది. ఏ మందైనా ముందు తన నాలుక మీద వేసుకుంటుంది. "నేను మింగలేనిది పసిదానికెలా పోస్తానే?" అంటుంది.

పుట్టిన వారం పదిరోజులకి దూడలకి పారుడు, అంటే విరేచనాలు, పట్టుకుంటుంది. వెల్లుల్లి, వాము, మెంతులు ఎండబెట్టి దంచిన పొడి పాలలో కలిపి తాగిస్తే మేలని వదిన నమ్మకం. పశువుల డాక్టరు గారు కొట్టిపారేయలేదు. "నిజమో కాదో చూపించమ్మా. ఉప్పు చక్కెర నీళ్ళు, అవసరమైతే నా మందు మాత్రం అన్నిటికీ పడాలి" అన్నారు.

దాంతో వదిన పది దూడల్ని రెండు వాటాలు చేసింది. ఐదింటి మెడకి నీలం దారం కట్టి, వాటికే పొడి. మిగతా ఐదింటికి ఉత్త పాలు. పేడ గట్టిగా ఉంటే గీత, పల్చగా ఉంటే సున్నా, గోడ మీద సుద్దముక్కతో.

దారం లేనివాటిలో తెల్లచెవిది ఒకటి. ఎనిమిదో రోజు పడకేసింది. డాక్టరు గారు చెప్పినవన్నీ ఇస్తూనే ఉన్నాం. అయినా చెవి పట్టుకుంటే చల్లగా తగిలింది. మా ఆయన చెవులూ చివరి రోజు అలాగే ఉన్నాయి. ఆయనకివ్వడానికి నా చేతిలో ఏమీ లేకపోయింది. ఇక్కడ డబ్బా నిండా పొడి ఉంది. వదిన గడ్డి దించుకోవడానికి వెళ్ళినప్పుడు చెంచాడు తీసి పాలలో కలిపేశాను. మూడు రోజులు అదే పని.

నాలుగో రోజు అది లేచి నా కొంగు నమిలింది.

వదిన గోడ ముందు నిలబడి తల గోక్కుంది. "దారం లేనిది ఇంత తొందరగా లేచిందేమిటే?"

చెప్పేశాను.

"నా కొంప ముంచావు కదే! డాక్టరుకి ఇప్పుడేం చూపించను, నీ మొహమా?" అంటూ తెల్లచెవి మూతి దగ్గర ముక్కు పెట్టింది. "వెల్లుల్లే! మొన్నటి నుంచీ వస్తూనే ఉంది. నా ముక్కే ముసలిదైందనుకున్నా" అని నవ్వేసింది. తర్వాత అడిగింది, "ఇంతకీ దీన్ని లేపింది పొడా, నీళ్ళా?"

నాకు తెలియదు. ఇన్నాళ్ళలో ఏదైనా తెలుసుకోవాలనిపించడం అదే మొదలు.

డాక్టరు గారికి ఉన్నదున్నట్టు చెప్పి, గోడ కడిగేశాం. కొత్తగా పుట్టినవాటిలో సగానికి ఇప్పుడు దారాలు నేనే కడుతున్నాను. నిన్న దారం లేనిదొకటి నీరసంగా ఒరిగింది. నా చెయ్యి డబ్బా దాకా వెళ్ళింది. మూత బిగించి, డాక్టరు గారికి కబురు పెట్టి, ఉప్పు చక్కెర నీళ్ళ సీసా అందుకున్నాను. తాగించాక గోడ మీద సున్నా చుట్టాను.

ఇవాళ పొద్దున వదిన కంటే ముందే వెళ్ళి దాని పేడ చూశాను.