ముప్పై బొటనవేళ్లు

డెబ్బైల చివర్లో, నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మొదలైంది. ఎమ్మిగనూరులో మా బడి ప్రేయర్‌లో నిలబడి ఉన్నాను. కుడిచేతి బొటనవేలు దానంతటదే అదరసాగింది. ఎడమచేత్తో గట్టిగా పట్టుకున్నా ఆగలేదు. ఆ తర్వాత తెలిసింది నోట్లో మట్టి, చుట్టూ కాళ్లు, ముక్కు దగ్గర ఎవరిదో చెప్పు. లంగా తడిసి ఉంది.

నా తలను ఒడిలో పెట్టుకుని కూర్చున్నది కమల ఒక్కతే. మాదీ వాళ్లదీ ఒకే వీధి, రెండూ మగ్గం ఇళ్లే. మూడో తరగతి నుంచి మాది ఒకే బెంచీ.

అవ్వ "గాలి సోకినాది" అని తాయెత్తు కట్టించింది. నెల తిరగకముందే మరో రెండుసార్లు పడ్డాను. రెండోసారి మగ్గం గుంతలోకి పడబోతే నాయన పట్టుకున్నాడు. మర్నాడు పని ఆపి నన్ను బస్సులో ఆదోని తీసుకుపోయాడు. అక్కడి డాక్టరు చెప్పగా కర్నూలులో తలకు ఈఈజీ పరీక్ష తీయించాం. రిపోర్టు చూసి ఆయన నాయనతో అన్నాడు: "ఇది గాలి కాదప్పా, దెయ్యం కాదు. ఎపిలెప్సీ, మూర్ఛ జబ్బు. ఫెనిటోయిన్ మాత్రలు రాస్తాండా. ఒక్క పూట కూడా మానొద్దు."

మందు పనిచేసింది. ఆరు నెలలు ఫిట్స్ రాలేదు. కానీ చిగుళ్లు వాచాయి. వాచి వాచి పళ్లను సగం కప్పేశాయి. పళ్లు తోముకుంటే రక్తం. మందు మొదలుపెట్టాకే ఇలా అయిందని నాకు అర్థమైంది. దాన్ని గమ్ హైపర్‌ట్రోఫీ అంటారని మాత్రం చాలా తర్వాత తెలిసింది.

తొమ్మిదో తరగతిలో విజయ అనే అమ్మాయి కొత్తగా చేరి క్లాస్ లీడరైంది. నాకు 'చిగుళ్లక్క' అని పేరు పెట్టింది ఆమే. అది ఓర్చుకున్నాను. ఫిట్స్ వచ్చే ముందు బొటనవేలు అదురుతుందని నేను కమలకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు క్లాసులో అడుగుపెట్టేసరికి అందరూ కుడిచేతులెత్తి బొటనవేళ్లు ఆడిస్తున్నారు. ముప్పై మంది. కమల చెయ్యి కూడా లేచి ఉంది. ఆమె కిటికీ వైపు చూస్తోంది.

ఆ రోజు నుంచి టీచరమ్మ బోర్డు వైపు తిరిగితే చాలు, వేళ్లు లేచేవి. నీళ్ల కుండ దగ్గరికి పోతే "మాకూ అంటుకుంటాది" అని గ్లాసు లాక్కునేవాళ్లు. ఒక మధ్యాహ్నం బెంచీ మీద తల వాల్చితే నలుగురు చేతులు పట్టుకున్నారు, విజయ నా ముక్కు మీద చెప్పు అదిమిపెట్టింది. నాకేమీ రాలేదు, వదలమని ఏడ్చాను.

"ఫిట్స్ వచ్చినోళ్లకు వచ్చినట్టు తెలవదంట" అంది విజయ.

టీచరమ్మకు చెప్పుకున్నాను. "నువ్వు ఆఖరి బెంచీలో కూర్చో. వాళ్ల జోలికి పోవద్దు" అంది.

ఇంట్లో చెబితే బడి మాన్పిస్తారని భయం. అద్దంలో నోరు చూసుకుని నాకు నేనే లెక్క వేసుకున్నాను. మాత్రలు మానితే చిగుళ్లు తగ్గుతాయి, చిగుళ్లు తగ్గితే వీళ్లు వదిలేస్తారు. అమ్మ ఇచ్చిన మాత్ర నాలుక కింద దాచి, పెరట్లో మోరీలో ఉమ్మేసేదాన్ని. అలా పది రోజులు.

పదకొండో రోజు గేమ్స్ పీరియడ్‌లో వేలు అదిరింది. కమల ఎదురుగానే ఉంది. "కమలా, నిజంగానే వస్తాంది" అన్నాను. చుట్టూ వేళ్లు లేచాయి.

తర్వాతి సంగతంతా మా బడి ఆయా రంగమ్మ చెప్పిందే. ఒక ఫిట్ ఆగకముందే ఇంకొకటి వచ్చిందట. నటిస్తున్నాననుకుని పిల్లలు చప్పట్లు కొట్టారట. ఎవరో పళ్ల మధ్య తాళంచెవి దూర్చారు. ముందు పళ్లు రెండు విరిగాయి. నోటి నిండా రక్తం చూశాక అందరూ పారిపోయారు. రంగమ్మే నన్ను భుజాన వేసుకుని ఇంటికి తెచ్చింది. నాయన ఎవరి జీపునో బతిమాలి ఆదోని చేర్చాడు.

"స్టేటస్ ఎపిలెప్టికస్. ఫిట్స్ ఆగకుండా వచ్చినాయి" అన్నాడు డాక్టరు. "ఆగేదానికి డయాజిపామ్ సూది ఇచ్చినాం. తెలివి వచ్చేదాకా ఏమీ సెప్పలేను."

మూడు రోజులకు తెలివి వచ్చింది. ఊపిరితిత్తుల్లో న్యుమోనియా. అమ్మ పేరు గుర్తుకు రావడానికి మరో రెండు రోజులు పట్టింది. ఎక్కాలు పోయాయి. మాట ముద్దముద్దగా వచ్చేది.

"మందు ఎందుకు మానినావమ్మా?" అని డాక్టరు అడిగాడు. నోరు తెరిచాను, మాట కూడలేదు. నాయన సంచిలో చీర అంచుల డిజైన్లు వేసే గళ్ల కాగితం ఉంటే సైగ చేసి తీసుకున్నాను. పెద్ద గడులు గీసి, ఒక్కో దాంట్లో ఒక్కో బొమ్మ వేశాను. లేచిన వేళ్లు, ముక్కు మీద చెప్పు, అద్దంలో నా నోరు, మోరీలో మాత్ర. చెయ్యి సరిగా సాగక రెండు రోజులు పట్టింది.

నాయన మొదటి గడి నుంచి చివరిదాకా చూశాడు. చేతులెత్తిన పిల్లల్లో ఒకరి మీద వేలు పెట్టి, "ఈ పాప ఎవరమ్మా?" అన్నాడు.

"కమల."

ఆయన కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు ఆ కాగితం తీసుకుని బడికి పోయాడు. హెడ్మాస్టరు చూసి, "పిల్లలాటలప్పా ఇవి. అయినా ఇట్లాంటి పాపను మేం పెట్టుకోలేం. రేపు ఏమన్నా అయితే ఎవరు జవాబు సెప్పాల?" అని నా టీసీ రాసిచ్చాడు. ఆ పిల్లల్లో ఎవరినీ ఒక్క మాట అనలేదు.

డాక్టరు మందు మార్చి కార్బమజెపిన్ రాశాడు. ఏడాదికి చిగుళ్లు తగ్గాయి. మధ్యలో రెండుసార్లు ఫిట్స్ వస్తే డోస్ పెంచారు. పదో తరగతి ప్రైవేటుగా కట్టి, లెక్కల్లో రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కాను.

ఎనభైల చివర్లో ఆదోని బస్టాండులో కమల కనిపించింది, చంకలో బిడ్డతో. తనే దగ్గరికొచ్చింది.

"ఆ దినం నిజంగానే వచ్చినాదని నాకు తెలుసు సరోజా. నేను సెయ్యెత్తకుంటే నన్నూ అట్లే సేసేటోళ్లు."

పరవాలేదులే అని నేను అనలేకపోయాను. బస్సు వస్తే ఎక్కేశాను.

ఇప్పుడు చీరల డిజైన్లు గీస్తూ బతుకుతున్నాను. ఆసుపత్రిలో మొదలుపెట్టిన బొమ్మలను ఇన్నేళ్లకు ఒక పుస్తకంగా పూర్తిచేశాను. ఫిట్స్ వచ్చి చాలాకాలమైంది, మాత్ర మాత్రం మానలేదు.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉంటే ఒక్కటే చెబుతాను. మందు పడకపోతే సొంతంగా మానొద్దు, వెంటనే డాక్టరుకు చెప్పి మార్పించండి. నాకు తర్వాత రాసిన మాత్ర, నేను మందు మానకముందు కూడా, ఆదోనిలో మేం మాత్రలు కొనే షాపులోనే దొరికేదట. మందు మార్చమని అడగొచ్చని మాకు తెలియలేదు.