ఆ గడిలో ఏ దేశం రాయాలి

అరవైల మొదట్లో వికారాబాదులో ఒక ఆడపిల్లల బడిలో సైన్సు చెప్పేదాన్ని. మాది ధారూర్ దగ్గర కూలి కుటుంబం. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేనే. ఒక ఏడు మా చర్చి ద్వారా విదేశీ చదువుకు స్కాలర్‌షిప్పు ఫారం వచ్చింది. అందులో దేశం పేరుకు ఒకటే గడి. కింద ఇద్దరు పెద్దల సంతకాలు కావాలి.

ఒక సంతకం మా హెడ్మిస్ట్రెస్‌ది. ఆమె ఇంగ్లండులో ఏడాది ట్రైనింగు చేసి వచ్చారు. రెండోది తాండూరులో ఉండే డాక్టరుగారిది. ఆయన చదివింది అమెరికాలో. ఇలాంటి ఇద్దరు దొరకడం నా అదృష్టమనుకున్నాను.

"ఇంగ్లండు అని రాయి. అక్కడి యూనివర్సిటీల గోడలు మన గోలకొండ కంటే పాతవి. అమెరికా వాళ్లవి నిన్న మొన్న కట్టినవి" అన్నారు హెడ్మిస్ట్రెస్.

అలాగే పెన్సిలుతో రాసుకుని, రైలెక్కి తాండూరు పోయాను. డాక్టరుగారు కలం మూత కూడా తీయలేదు.

"గోడలు చూడనీకె పోతున్నవా బిడ్డా? అమెరికాల లాబులు చూస్తె దిమాక్ తిరుగుతది. దేశం పేరు మార్చుకొని రా, సంతకం పెడ్త."

మార్చాను. ఈసారి హెడ్మిస్ట్రెస్ ఫారం పక్కకు తోసేశారు. "విలాయతులో చదివినోళ్లు దేశాలు ఏలిన్రు" అన్నారు. ఆ మాట తాండూరుకు మోసుకుపోతే, "ఆ ఏలినోళ్లనే గద మనం ఎల్లగొట్టినం" అని డాక్టరుగారి జవాబు. నెలంతా శనివారాలు ఇదే పని. రబ్బరుతో చెరిపి చెరిపి ఆ గడి దగ్గర కాగితం పల్చబడిపోయింది.

ఒకరోజు దారిలో ధారూర్‌లో దిగి మా నాయనతో మొర పెట్టుకున్నాను.

"నువ్వేం చదువుతవో అడిగిన్రా?" అన్నాడాయన.

ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. మా నాయన పనిచేసే చేలల్లో కంది పూత మీద ఉండగానే నిలువునా ఎండిపోయేది. ఎందుకో తెలుసుకోవాలని నా ఆశ.

గడువుకు రెండు రోజుల ముందు డాక్టరుగారు పిల్లల ఆరోగ్యం చూడటానికి మా బడికి వచ్చారు. ఇద్దరినీ కూర్చోబెట్టి ఫారం ముందు పెట్టాను. గంటసేపు ఏ దేశపు డిగ్రీ పెద్దదని వాదించుకున్నారు. చాయ్ చల్లారిపోయింది. నాకు ఓపిక చచ్చిపోయింది.

"నేను కంది తెగులు గురించి చదవాలె. దానికి ఏ యూనివర్సిటీ మంచిదో అది చెప్పున్రి" అన్నాను.

"కందుల కోసం విలాయతు పోతవా?" అన్నారు హెడ్మిస్ట్రెస్.

"గంత దూరం పోయి కందులేంది, పరువు తీస్తవు" అన్నారు డాక్టరుగారు.

వాళ్లిద్దరి మాట కలవగా అప్పుడే విన్నాను. సంతకాలు మాత్రం పడలేదు. గడువు దాటిపోయింది.

హైదరాబాదులో వ్యవసాయ కాలేజీకి నా మార్కుల కాగితం ఒక్కటే సరిపోయింది. అక్కడ చదివి, తాండూరులోనే విత్తనాల ఆఫీసులో ఉద్యోగంలో చేరాను. ఎండిన కంది మొక్కలు వేళ్లతో సహా పీకి చూడటమే నా పని. ఆ పని నాకు ఇష్టంగానే ఉండేది. వాళ్లిద్దరి మీద చిరాకు మాత్రం చాలా ఏళ్లు పోలేదు. ఇంగ్లండైనా, అమెరికా అయినా, ఎక్కడికి పంపినా సంతోషంగా పోయేదాన్ని.