మూడో అంతస్తులో పెద్దమ్మ సాగు

రెండు వారాల కిందట గురువారం పొద్దున ఏడు గంటలకు పై పోర్షన్ తమ్ముడు నా తలుపు తట్టాడు. "అన్నా, అమ్మ లేస్తలేదు. జర రా" అన్నాడు. నేను వెళ్ళేసరికే ఒళ్ళు చల్లబడింది. నిద్రలోనే పోయిందని డాక్టర్ చెప్పాడు. మెట్ల మలుపులో పాడె తిరగదు కాబట్టి దుప్పటిలో చుట్టి నలుగురం పట్టుకుని దించాం. నాకు తెలిసి ఆరేళ్ళలో ఆమె వీధిలోకి రావడం అదే మొదలు.

ఆమె నాకు చుట్టం కాదు. కాశిబుగ్గలో మేముండే బిల్డింగులో నాది రెండో అంతస్తు, ఆమెది సరిగ్గా నా పైన మూడోది. పెద్దమ్మా అని పిలిచేవాణ్ణి. భర్త పోయాక ఊళ్ళో పత్తి చేను కౌలుకిచ్చి కొడుకు దగ్గరికి వచ్చింది. నా తలుపు తట్టిన తమ్ముడే ఆ కొడుకు, ఎనుమాముల వ్యవసాయ మార్కెట్లో గుమస్తా. వచ్చేటప్పటికే ఆమె మోకాళ్ళు అరిగిపోయాయి. బిల్డింగుకు లిఫ్టు లేదు. ఎక్కడమైతే ఎక్కింది, మళ్ళీ దిగలేకపోయింది. జ్వరమొస్తే ఆర్ఎంపీనే పైకి పిలిచేవారు.

ఆమెకు మిగిలిన ఆరుబయలు బాల్కనీ ఒక్కటే. పొడవు ఆరడుగులు, వెడల్పు మూడడుగులకు రెండంగుళాలు తక్కువ. ఒకసారి టేపుతో కొలిచాను. కోతుల బాధకు దాని చుట్టూ పైదాకా ఇనుప జాలీ కొట్టించారు. మధ్యాహ్నం కోతులు వచ్చి జాలీ పట్టుకుని లోపలికి చూసేవి. "మనిషిని సూడనీకి వస్తయి బిడ్డా. టికెట్ పెడితే బాగుండు" అనేది.

ఆ జాలీలోపల పదకొండు బకెట్లు ఉండేవి. అన్నీ అడుగున చిల్లులు పెట్టిన ఖాళీ పెయింటు బకెట్లే. వాటివల్లనే మా పరిచయం. పరిచయం అనడం కంటే ఫిర్యాదు అనడం నిజం.

మొదటి ఎండాకాలం నా బాల్కనీలో ఆరేసిన చొక్కాల మీద పైనుంచి నల్లటి నీళ్ళు కారాయి. రెండుసార్లు ఊరుకున్నాను. మూడోసారి ఓనర్‌కు ఫోన్ చేశాను. పైకి వెళ్ళి చూడలేదు. ఓనర్ సాయంత్రమే వచ్చి, ఆదివారంలోగా బకెట్లన్నీ తీసెయ్యాలని ఆమెకు చెప్పాడు. "స్లాబు ఖరాబైతాంది. నా ఇల్లు కూలగొడ్తవా?" అన్న మాట నా గదిలోకి వినిపించింది. ఆమె జవాబు కూడా వినిపించింది. "కిందికి దిగరాదు. మన్ను ముట్టకుంట నేనెట్ల ఉండాలె, సెప్పు."

అప్పుడు వెళ్ళాను పైకి. ఆమె పీట మీద కూర్చుని ఉంది. నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"నువ్వేనా పేపరాయనవు?"

"అవును పెద్దమ్మా."

"ఊళ్ళె అందరి దగ్గరికి పోయి అడిగి రాస్తవట. నా మీద మాత్రం అడుగకుంటనే రాసినవ్."

ముప్ఫై ఏళ్ళ విలేకరి ఉద్యోగంలో నేను రాసిన వార్త తప్పని చాలామంది అన్నారు. ఇంత సూటిగా ఎవరూ అనలేదు. నేను క్షమించమన్నాను. "గా ముచ్చట తర్వాత, ముందుగాల ఇది సూడు" అని బకెట్ దగ్గరికి జరిగింది.

తప్పు మన్నుదే. కొడుకు ఊరినుంచి నాలుగు యూరియా సంచుల్లో తమ చేని నల్లరేగడి తెచ్చాడు. అడిగి తెప్పించుకున్నది ఆమే. ఆ మట్టిలో నలభై ఏళ్ళు పత్తి, మిర్చి పండించింది. అందులో ఏమేసినా వస్తుందని ఆమె నమ్మకం. బకెట్లో అది వానకు బురదయింది, వేర్లు కుళ్ళాయి. ఎండకు బిగుసుకుని బకెట్ అంచులను వదిలేసింది. పోసిన నీళ్ళు మొక్కకు అందకుండా ఆ సందులోంచి నేరుగా నా చొక్కాల మీద పడుతున్నాయి. అన్నేళ్ళు సేద్యం చేసిన మనిషికి ఆరు మిరప మొక్కలు వరసగా చచ్చిపోయాయి. ఆమె బాధ ఓనర్ మాటకంటే దానికే ఎక్కువని అప్పుడర్థమైంది.

"చేన్ల ఉంటే ఇదే మన్ను. ఈడ గడ్డ అయి కూసున్నది. దానికి జాగ సాల్తలేదు" అంది.

ఓనర్‌తో మాట్లాడి పదిహేను రోజులు గడువు తీసుకున్నాను. మళ్ళీ ఒక్క చుక్క పడినా అన్నీ పోతాయన్నాడు. ఆమె గడ్డలను రోకలితో చితక్కొట్టింది. నేను ఎర్రమట్టి, ఇసుక, వరి ఊక, మాగిన పేడ ఎరువు సంచుల్లో మోసుకెళ్ళాను. నల్లమట్టి పిడికెడు, మిగతావి దోసెళ్ళు. బకెట్ల కింద ఇటుకలు, ఇటుకల మీద పాత పళ్ళేలు. చెంబుతో కాదు, గ్లాసుతో నీళ్ళు. పోసినప్పుడల్లా పైనుంచి కేకేసేది.

"పడ్డదా?"

"పడలే పెద్దమ్మా!"

"సూసి సెప్పు, పేపర్ల లెక్క సెప్పకు!"

పదహారో రోజు ఓనర్ వచ్చి నా బాల్కనీలో పావుగంట నిలబడి తడి లేదని చూసుకుని వెళ్ళాడు. తర్వాత ఇన్నేళ్ళూ మా ఇంటికి పుంటికూర అనే గోంగూర, పచ్చిమిర్చి, కొత్తిమీర పైనుంచే వచ్చాయి. తాడుకు సంచి కట్టి జాలీలో చెయ్యిపట్టేంత సందులోంచి దించేది.

సంతోషంగా ఉండేదని రాస్తే అబద్ధమవుతుంది. "ఎటు తిరిగినా గోడనే తాకుతాంది" అని నాతో రెండు మూడుసార్లు అంది. ఒక ఏడాది సద్దుల బతుకమ్మకు తన బకెట్లలో పూసిన బంతిపూలు పళ్ళెంలో పెట్టుకుని దిగడానికి ప్రయత్నించింది. గోడ పట్టుకుంటూ నా గుమ్మం దాకా వచ్చింది. అక్కడ మోకాళ్ళు పట్టేశాయి. కింద ఆడవాళ్ళ పాట వినిపిస్తోంది, మెట్ల దగ్గర్నుంచి ఎవరూ కనిపించరు. గంటసేపు నా గుమ్మంలోనే కూర్చుంది. "సగం దిగిన. కడమ సగం మీదటి ఏడు దిగుత" అని నవ్వింది. పూలు నా భార్య తీసుకెళ్ళింది. ఆమెను కొడుకు వీపున ఎక్కించుకుని పైకి తీసుకుపోయాడు.

మొన్న పదకొండో రోజు అయ్యాక బాల్కనీ ఖాళీ చేశాం. చిన్న మొక్కలు వాడకట్టులో తలా ఒకటి పట్టుకెళ్ళారు. ఐదడుగులు పెరిగిన కరివేపాకు చెట్టును ఎవరూ అడగలేదు. ఓనర్ మెట్ల కింద నిలబడి చూస్తున్నాడు. "గేటు పక్కన జానెడు జాగ ఉన్నది, ఆడ పెట్టుండ్రి" అన్నాడు. మళ్ళీ తనే, "గా ముసలామెకు ముందే ఇయ్యాల్సింది" అన్నాడు. ఇచ్చినా దిగి వచ్చేది కాదు, అది కూడా నిజమే.

బకెట్‌ను కత్తితో నిలువునా కోశాం. మట్టి రాలలేదు. వేర్లు గోడలను తాకి, అడుగును తాకి, దారి లేక చుట్టూ తిరిగి తిరిగి తాడు పేనినట్టు అల్లుకుపోయాయి. గేటు పక్కన తవ్విన గుంతలో దించితే చుట్టూ నేల ఉన్నా చెట్టు బకెట్ ఆకారంలోనే నిలబడింది. తమ్ముడు మట్టి కప్పబోయి ఆగాడు. మోకాళ్ళ మీద కూర్చుని ఒక వేరు కొన పట్టుకుని, తెగకుండా, మెల్లగా వెనక్కి విప్పడం మొదలుపెట్టాడు.