మొదటి డొప్ప

చిల్లకల్లు దాటాక హైవే దిగి మట్టిబాట పట్టుకుని పోతే బాలస్వామి తాటితోపు వస్తుంది. పొద్దున్నే అక్కడ చేరేవాళ్ళలో ఆశీర్వాదం అనే ఆయనకి జరిగినంత మర్యాద జగ్గయ్యపేటలో ఏ పెద్దమనిషికీ జరిగేది కాదు. బాలస్వామి చెట్టు దిగి, కల్లు వడగట్టి, మొదటి డొప్ప నేరుగా తెచ్చి ఆయన చేతిలో పెట్టేవాడు. ఆయన ఒక గుక్క తాగి, కళ్ళు మూసుకుని, "ఊఁ" అంటేనే మిగతావాళ్ళు డొప్పలు చాపాలి. "పర్లా" అంటే తాగొచ్చు గానీ గొప్పలు చెప్పుకోకూడదు. "పక్కన పెట్టు" అన్నాడా, ఇక ఆ కుండ సంగతి అంతే. బాలస్వామి మారు మాట్లాడకుండా చెట్టు మొదట్లో పారబోసేవాడు.

సిమెంటు ఫ్యాక్టరీ ప్యాకింగ్ సెక్షన్‌లో రిటైరయ్యేదాకా ఆశీర్వాదం బస్తాల దుమ్ము పీల్చాడు. తోటివాళ్ళకి దగ్గులు పట్టుకున్నాయి, ముక్కులు మొద్దుబారాయి. ఆయన నాలుక మాత్రం ఏ చెట్టు కల్లు ఏదో, కుండ పొద్దెక్కాక దించారో ముందే దించారో కూడా చెప్పేది. ఆ నాలుకకి ఇంకెక్కడా విలువ లేదు. ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు అరిస్తే తలొంచుకున్న మనిషి. చర్చి కమిటీకి పేర్లు అనుకునేటప్పుడు ఆయన పేరు ఎవరికీ గుర్తురాదు. కూరలో ఉప్పు తగ్గిందంటే భార్య ప్రేమకుమారి, "ఆ నాలుకేదో తోపులోనే వదిలేసి రండి" అంటుంది. కాబట్టి ఆస్తయినా హోదా అయినా ఆయనకి ఆ మొదటి డొప్పే.

ఇలా ఉండగా అల్లుడు వచ్చాడు.

ఎడ్విన్‌ది నందిగామ. హైదరాబాదులో బీరు తయారుచేసే కంపెనీలో ఉద్యోగం. కూతురు జాయిస్ పెళ్ళప్పుడు పాస్టరుగారికి 'ఫుడ్ కంపెనీ' అని చెప్పి గండం గట్టెక్కారు. ఆ కంపెనీలో ఒకరకం పుల్లబీరుని చెక్కపీపాల్లో పోసి ఏళ్ళ తరబడి నిలవ ఉంచుతారట. ఏ పీపా తయారైందో, ఏది ఇంకా ఆగాలో రుచి చూసి చెప్పడం ఎడ్విన్ పని. బెంగళూరులో పోటీలు జరిగితే జడ్జిగా పిలుస్తారు. రానూ పోనూ విమానమే.

"తాగి చెప్పినందుకు విమానమెక్కిస్తారా!" అని ప్రేమకుమారి బుగ్గలు నొక్కుకుంది. ఆశీర్వాదానికి అక్కడే మొదలైంది కడుపుమంట. ఇన్నేళ్ళూ తానూ అదే పని చేశాడు కదా, అప్పుడెందుకు నొక్కుకోలేదు ఆ బుగ్గలు?

ఈ వేసవిలో ఎడ్విన్ సెలవు పెట్టి పేటలో అత్తగారింటికి వచ్చాడు. వస్తూ వస్తూ ఒక నల్లటి సీసా తెచ్చాడు.

"ఇది మీకోసమే దాచా మామయ్యా. నేను రుచి చూసి పాసు చేసిన పీపాలోది. మీరు ఏమంటారో వినాలని."

ఆశీర్వాదం స్టీలు గ్లాసులో పోయించుకుని గుక్కెడు తాగాడు. ముందు పచ్చి చింతకాయ తగిలింది, తర్వాత వానకి తడిసిన చెక్క వాసన, ఎక్కడో అడుగున ఎండు రేగుపండు. ప్రాణం లేచొచ్చింది. జన్మలో ఇంత మంచిది తాగలేదని నాలుక ఒప్పేసుకుంది. నోరు మాత్రం, "పాచిపోయింది బాబూ" అంది.

ఎడ్విన్ నొచ్చుకోలేదు, నవ్వాడు. "పాతదీ కొత్తదీ కలుపుతాం మామయ్యా. ఆ పాళ్ళు కుదరడమే అసలు విద్య" అని చెప్పబోతుంటే ఆశీర్వాదం ఫ్యాను స్పీడు పెంచడానికి లేచిపోయాడు. తర్వాత ఎవరూ చూడకుండా ఆ సీసా మొత్తం ఖాళీ చేసింది కూడా ఆయనే.

మర్నాడు జాయిస్ బలవంతం మీద అల్లుణ్ణి తోపుకి తీసుకెళ్ళాడు. అదీ ఆయన చేసుకున్న ఖర్మ. బాలస్వామి డొప్ప నింపి, మామూలుగా ఆయన దాకా వచ్చి, ఆగి, పక్కకి తిరిగాడు.

"ఏమనుకోబాక అన్నా. కొత్తల్లుడుగారు గదా, ఇయ్యాల్టికి ఆయనకిద్దాం."

ఎడ్విన్ వెంటనే తాగలేదు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. కల్లుకి వాసన చూడ్డమేమిటని ఆశీర్వాదం లోపల్లోపల నవ్వుకున్నాడు. ఎడ్విన్ గుక్క పుక్కిట పట్టి, మెల్లగా మింగి, "ముందు లేత ముంజె రుచి, తర్వాత పుల్లమామిడి. చివర్లో సున్నం తగులుతోంది బాబాయ్. కుండకి ఇవాళ కొంచెం ఎక్కువ పూశావా?" అన్నాడు.

బాలస్వామి నోరెళ్ళబెట్టాడు. "చెయ్యి జారింది అల్లుడుగారూ! ఎట్టా కనిపెట్టారండీ?"

సున్నం సంగతి ఆశీర్వాదానికీ తెలిసేదే. కానీ ఆయన దగ్గర ఉన్నవి మూడే మాటలు. అల్లుడి దగ్గర ముంజెలు, మామిడికాయలు, ఒక తోటంతా ఉంది. 'ఇయ్యాల్టికి' అన్న డొప్ప మర్నాడు కూడా ఎడ్విన్ చేతికే పోయింది, ఆ మర్నాడూ పోయింది. పక్కింటి జ్ఞానయ్య అయితే మరీ. కల్లుకీ మజ్జిగకీ తేడా తెలియని మనిషి, అల్లుడి పక్కన చేరి, "నాకూ ముంజె తగిలిందండోయ్" అనడం మొదలుపెట్టాడు. ఆశీర్వాదం వాళ్ళ వెనక తన వంతు కోసం డొప్ప చాపుకుని కూర్చున్నాడు. ఆ కల్లు గొంతు దిగేటప్పుడు మండేది.

ఇక్కడ ఆ తోపు కట్టుబాటు ఒకటి చెప్పాలి. నిన్నటి కల్లు ఇవాళ్టి కుండలో కలపడమంత పాడుపని గీతవాడికి ఇంకోటి లేదు. మిగిలింది ఎంతున్నా సాయంత్రం పారబొయ్యాల్సిందే. కలుపుతూ దొరికినవాడి తోపు మళ్ళీ ఎవరూ తొక్కరు. ఆ మధ్య ఒకడు అలాగే దొరికిపోయి, మోకూ కత్తీ అటకెక్కించి, ఆటో తోలుకుంటున్నాడు.

ఆశీర్వాదం బుర్రలో ఆ పాడుపనే మెదిలింది. బాలస్వామి మీద ఆయనకి కోపమేం లేదు. అల్లుణ్ణి పట్టుకోవడమే కావాలి. నిన్నటి కల్లు కలిపిన కుండలోంచి డొప్ప ఇస్తే, పీపాల నాలుకకి ఏం తెలుస్తుంది? ముంజె, మామిడి అంటూ ఊదరగొడతాడు. అప్పుడు తాను లేచి, "పరీక్షకి నేనే కలిపా అల్లుడూ" అంటాడు. అందరూ పగలబడి నవ్వుతారు. డొప్ప సొంతగూటికి చేరుతుంది.

ఆ రోజు కల్లు కొంచెం ఇంటికి తెచ్చుకుని, చేతికి దొరికిన సీసాలో పోసి, మంచం కింద పెట్టాడు. తెల్లారేసరికి కళ్ళు చెమర్చేంత పులుపెక్కింది. అల్లుడు తర్వాత వస్తాడులెమ్మని తాను ముందే తోపుకి పోయాడు. బాలస్వామి రెండో చెట్టు మీద ఉన్నాడు. కింద నిండిన కుండ ఉంది. సీసా అందులో వంచేసి, సంచిలో దాచేశాడు. మనసు హాయిగా ఉంది.

అందరూ చేరాక డొప్ప ఎడ్విన్ చేతికి వెళ్ళింది. వాసన చూశాడు. తాగాడు. మొహం వెలిగిపోయింది.

"బాబాయ్! ఇవాళ పాతది కలిపావు కదూ? అద్భుతంగా కుదిరింది. మేం పీపాలతో చేసేదీ ఇదే!"

అతను మెచ్చుకున్నాడు. తోపుకి వినపడింది మాత్రం వేరు. జ్ఞానయ్య డొప్ప కింద పడేశాడు.

"నువ్వు కూడానా బాలస్వామీ?"

"నా బిడ్డల మీద ఒట్టు! నేను కలపలా!" బాలస్వామి మొహం పాలిపోయింది. చుట్టూ చూశాడు. ఎవరూ నమ్మినట్టు లేరు. చివరికి ఆశీర్వాదం దగ్గరికొచ్చి రెండు చేతులతో డొప్ప పట్టుకుని నిలబడ్డాడు. "అన్నా, నువ్వు చెప్పు. నీ నాలుక ఎట్టా అంటే అట్టా."

తోపంతా ఆయన వైపే చూస్తోంది. ఇన్నాళ్ళూ ఏడ్చి చచ్చింది ఈ చూపుల కోసమే. ఆశీర్వాదం గుక్క తాగాడు. నిజంగానే అద్భుతంగా ఉంది. కలిపానంటే తన బతుకు బజారున పడుతుంది. ఎవరో కలిపారంటే బాలస్వామి ఆటో తోలుకోవాలి. ఇంకో మాట ఉంది. దాంతో బాలస్వామి బయటపడతాడు, అల్లుడి పరువు పోతుంది, డొప్ప తనకి వస్తుంది.

"కలపలా. ఎండకి కుండ తొందరగా పులిసింది, అంతే" అన్నాడు. కాస్త ఆగి, "ఊఁ" అన్నాడు.

ఎడ్విన్ ఇంకో గుక్క తాగాడు. ఏదో అర్థమైనట్టు ఆగి, తలెత్తి మామగారిని చూశాడు. తర్వాత బాలస్వామి వైపు తిరిగి చేతులు జోడించాడు.

"పొరపాటు నాదే బాబాయ్. నా నాలుకకి పీపాల రుచి అంటుకుపోయింది. క్షమించు."

జ్ఞానయ్య పకపకా నవ్వాడు. అందరూ నవ్వారు. రెండో డొప్ప అల్లుడికి ఎవరూ ఇవ్వలేదు, అతనూ అడగలేదు. ఆశీర్వాదానికి ఆ నవ్వులు చెవుల్లో పాయసం పోసినట్టున్నాయి.

బండి మీద తిరిగి వచ్చేటప్పుడు హైవే ఎక్కాక ఎడ్విన్ బండి స్పీడు తగ్గించాడు. ఆ తర్వాత వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"బాగా కలిపారు మామయ్యా."

ఆశీర్వాదం ఉలిక్కిపడి సంచిని గుండెకి అదుముకున్నాడు.

"నేను తెచ్చిన సీసాలోనే పోసినట్టున్నారు. అడుగున మడ్డి ఉండిపోయింది కదా, రెండో గుక్కలో మా పీపా రుచి తగిలింది. నిజం చెప్తున్నా, ఆ పాళ్ళు కుదరడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది."

వెక్కిరిస్తున్నాడేమోనని ఆశీర్వాదం చెవులు రిక్కించాడు. వెక్కిరింత లేదు. తిట్టినా బాగుండేది. ఓడిపోవడంలో కూడా తనకన్నా వీడే బాగున్నాడని ఆయనకి మళ్ళీ కడుపు మండింది.

"మా జడ్జీల్లో ఒక మాట ఉంది మామయ్యా. తెలిసి తప్పు చెప్పినవాడు మళ్ళీ గ్లాసు పట్టకూడదు. ఎవరూ కనిపెట్టక్కర్లేదు, ఎవడికి వాడే లేచిపోవాలి. ఇందాక నేను తెలిసే తప్పు చెప్పా. ఇక ఆ తోపులో నేను జడ్జిని కాను. డొప్ప మీదే."

అతను తన సంగతే చెప్పుకున్నాడు. మామగారి గురించి ఒక్క మాట అనలేదు. సెలవు అయిపోగానే జాయిస్‌ని తీసుకుని హైదరాబాదు వెళ్ళిపోయాడు.

బండి మీద ఆ మాటలైన మర్నాడే బాలస్వామి పొంగిపోతూ మొదటి డొప్ప తెచ్చి ఆశీర్వాదం ముందు పెట్టాడు. అందరూ ఆయన నోటివైపే చూస్తున్నారు. ఆయన చెయ్యి చాపాడు. డొప్ప అంచు వేళ్ళకి తగిలింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"జలుబు చేసిందిరా. నాలుక పనిచెయ్యట్లా. ఇయ్యాల్టికి ఇంకెవరికైనా ఇయ్యి."

బాలస్వామి చుట్టూ చూసి, దగ్గర్లో ఉన్నాడని జ్ఞానయ్యకి ఇచ్చాడు. జ్ఞానయ్య కళ్ళు మూసుకుని, అచ్చం ఆశీర్వాదంలాగే "ఊఁ" అన్నాడు. ఆ కల్లులో సున్నం ఎక్కువైంది. వాసనకే ఆశీర్వాదానికి తెలిసింది. పళ్ళు నూరుకుని ఊరుకున్నాడు.

ఎండలు ముదిరాయి. రోళ్ళు పగిలే ఎండల్లో కూడా ఆయన జలుబు తగ్గలేదు. "ఇంకా తగ్గలేదా అన్నా?" అని బాలస్వామి రోజూ అడుగుతాడు. "లేదురా" అంటాడు ఆశీర్వాదం, జ్ఞానయ్య చేతిలోని డొప్ప మీంచి చూపు తిప్పుకోకుండానే.