రాజేశం సారు ఇచ్చిన నౌకరీ చీటీ

మా చిన్నప్పుడు... ఓ పొద్దున రాజేశం సారు మా అరుగు మీద కూర్చుని, "చెల్లే, నీకు ఏమేం పని వస్తది?" అని మా అవ్వను, అదే మా అమ్మను, అడిగారు. ఓటు కోసం వచ్చిన మనిషి అలా అడగడం మేమెన్నడూ చూడలేదు...

"బీడీలు చుట్టుడు... కుట్టుమిషన్ గూడ జర వస్తది సారూ" అంది అవ్వ సిగ్గుపడుతూ. సారు అది రాసుకుని, గెలిస్తే నౌకరీ ఇస్తానని అవ్వ పేరు రాసిన చీటీ ఒకటి చేతికిచ్చారు.

సారు బడిపంతులుగా రిటైరై, ఏ పార్టీ లేకుండా నిలబడ్డారు. మా ఊరి మరమగ్గాల మీద నేసిన బట్టను మా ఊర్లోనే కుట్టాలి... దానికో పెద్ద కార్ఖానా, ఇంటికో నౌకరీ. ఇదీ ఆయన పట్టుదల.

అప్పటికే మా బాపుకు, అదే నాన్నకు, దుబాయి వీసా వచ్చింది. మగ్గం కూలీతో ఇల్లు గడవక పెట్టుకున్నదే. చీటీ చూశాక ఏజెంటుకు రానని చెప్పేశాడు. ఆ నెలంతా అవ్వ మొహంలో ఎంత సంబరమో...

ఊరు మాత్రం "సారు మంచోడే, కని గెలుస్తడా?" అనుకుంటూ పోయి వేరేవాళ్లకు ఓటు గుద్దింది. చీటీలు మాత్రం భద్రంగా దాచుకుంది! సారుకు డిపాజిట్ కూడా దక్కలేదు.

మర్నాడు బాపు ఉతికిన అంగీ వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని సారు ఇంటికి వెళ్లాడు. అక్కడ చీటీలతో ఇంకో పదిమంది...

"ఓడిపోయిన కదనే మల్లేశం... నేనేడికెల్లి తేవాలె?" అన్నారు సారు.

"మేమైతే మీకే ఏసినం సారూ... మాకన్న ఇయ్యుండ్రి" అన్నాడు బాపు.

సారు తలుపు పట్టుకుని ఏడ్చేశారు. పంతులు ఏడవడం నేను చూడటం అదే మొదలు. చివరికి బాపే, "ఫికర్ జేయకుండ్రి సారూ" అని ఓదార్చి వచ్చాడు.

రెండు నెలలకు ఇంకో వీసా మీద బాపు వెళ్లిపోయాడు... అప్పుడు అవ్వ కడుపుతో ఉంది. మూడేళ్లకు బాపు సెలవు మీద వస్తే, మా చెల్లె "గీ మామ ఎవలే?" అని అవ్వను అడిగింది.

మాట తప్పినవాడినైతే నోరారా తిట్టుకోవచ్చు. మాట నిలబెట్టుకునే వంతే రాని మనిషిని ఏమనాలి? ఇప్పటికీ నాకు తెలియదు.

ఇప్పుడు ఎన్నికలొస్తే పాటల బండ్లు వస్తాయి, పోతాయి... గెలిచినవాళ్లలో ఒక్కరి పేరూ నాకు గుర్తుండదు. మీకూ ఉన్నారా... ఓడిపోయినా, మీ ఇంట్లో ఇంకా తలుచుకునే మనిషి?