పదకొండు పాటల అన్న

పోయిన మంగళవారం ఆఫీసులో ఉండగా జగిత్యాల నుంచి అన్నవాళ్ళ తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్న పోయిండు. గుండెపోటు," అని పెట్టేశాడు. తోడబుట్టినవాడు కాదు, కానీ మా బ్యాండ్‌కు గిటారు, గొంతు, కోపం అన్నీ ఆయనే. వీసా రద్దయి ఫైనల్ ఎగ్జిట్ మీద ఇంటికి వెళ్ళి ఏడాది కూడా కాలేదు.

సౌదీలో, అల్ ఖోబర్‌లో మేము ముగ్గురం. అన్న ఏసీ మెకానిక్. డ్రమ్స్ వాయించే భాయ్ కడప నుంచి వచ్చిన డ్రైవర్. బేస్ గిటారు నాది. పనిలో మిగిలిన రాగి గొట్టం ముక్కను చిటికెన వేలికి తొడుక్కుని అన్న తీగల మీద జార్చేవాడు. దమ్మాం హైవే మీద లారీలు, శుక్రవారం కోడికూర, రెండేళ్ళకోసారి వచ్చే సెలవు, ఇవే ఆయన పాటలు. దీన్ని కంట్రీ రాక్ అంటారని ఏసీ బాగుచేయించుకున్న ఒక ఇంజనీరు చెప్పేదాకా మాకు తెలియదు.

ఇక్కడి మన తెలుగు సంఘాల వేడుకల్లో మాకు దొరికేది భోజనాలు వడ్డించే వేళ. సినిమా పాట కొట్టమని చీటీ పంపేవారు. అన్న దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, "సినిమా పాటలు పాడనీకి మస్తు మంది ఉన్నరు. మనయి మనం పాడకపోతే ఎవ్వలు పాడుతరు?" అనేవాడు. ఆ ప్లేట్ల చప్పుడు తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. అంత మంచి బ్యాండ్‌ను ఒక్కరూ తల తిప్పి చూడలేదు.

రికార్డు చేసుకోకపోవడం మాత్రం మా తెలివితక్కువే. రోజంతా ఏసీల మధ్య బతికే మనిషి, పాటలో వాటి రొద వినపడితే ఒప్పుకోడు. జూలైలో గదిలో ఏసీ ఆపించి ఫోనులో రికార్డింగ్ మొదలుపెట్టాడు. రెండో పాటకే తీగలు శ్రుతి తప్పాయి, ఫోను వేడెక్కి ఆగిపోయింది.

"గిటారు కాదన్నా, నేనే శ్రుతి తప్పినా," అంటూ భాయ్ చొక్కా విప్పేశాడు.

"చలికాలం రానియ్‌రా, ఏసీ పనే ఉండది," అన్నాడు అన్న. చలికాలం కంటే ముందే కంపెనీ ఎగ్జిట్ కొట్టింది. ఎయిర్‌పోర్టులో మా మొహాలు చూసి, "ఏడ్వకుండ్రి. పాటలు మీ తాననే ఉన్నయి గదా," అన్నాడు.

పదకొండు పాటలు. మా ఇద్దరి నోళ్ళలో తప్ప ఎక్కడా లేవు. అందుకే మొన్న శుక్రవారం సాయంత్రం సముద్రం ఒడ్డున కార్నిష్‌లో చాప వేసుకుని కూర్చున్నాం. ఎవరూ పిలవలేదు. ఇక పిలుపు కోసం చూడం కూడా. ప్రతి శుక్రవారం కూర్చుంటాం, పదకొండూ పాడతాం.

నా గొంతు అన్న గొంతు కాదు. అయినా మూడో పాటకు, తను పనిచేసే ఇంటి మేడం పిల్లలను ఆడిస్తున్న ఒకామె దగ్గరికొచ్చి నిలబడింది. రాజోలు మనిషట.

"ఇది ఏ సినిమాలోదండీ?"

"సినిమాది కాదమ్మా. మా అన్న కట్టిండు," అన్నాను.

"ఇంకోసారి పాడండి. మా అక్కకి పంపుకుంటాను," అని ఫోను ముందుకు పెట్టింది.

మళ్ళీ పాడాం. మేడం పిలవగానే పిల్లలను చెరో చేత్తో పట్టుకుని, పల్లవి తనలో తాను పాడుకుంటూ వెళ్ళింది. మధ్యలో ఒక మాట మార్చేసింది. భాయ్ నా వైపు చూశాడు. మేము దిద్దలేదు.