మామయ్య కాళ్ళు ఇవ్వని ఆదివారం

అక్కలందరికీ నమస్కారం. నా రాతలో తప్పులుంటాయి, అక్షరాలు వంకరగా ఉంటాయి, ఏమీ అనుకోవద్దు. ఐదో తరగతిలోనే బడి మానేశాను. మొన్న బుధవారం పొద్దున మా మామయ్య పోయారు. ఛాయ్ గ్లాసు చేతికిచ్చి నేను వెనక్కి తిరిగేలోపే పోయారు. ఆయన దగ్గర కుస్తీ నేర్చుకున్న మీ ఇళ్ళ మగవాళ్ళు భీవండి నుంచి రాలేకపోయామని బాధపడ్డారట. చివరి రోజుల్లో ఆయన ఎట్లా ఉండేవారని మీరు ఫోన్‌లో అడిగితే అత్తమ్మ ఏడుపే తప్ప మాట చెప్పలేకపోయింది. అందుకే నేను రాస్తున్నాను.

మీకు తెలిసిన మామయ్య లంగోటా కట్టి తాలీంలో కుస్తీ మట్టి ఎగజిమ్మిన ఉస్తాద్. నేను చూసిన మామయ్య కిటికీ పక్క మంచం మీద, వీపు వెనక దిండ్లు పెట్టుకుని కూర్చునే మనిషి. ఇక్కడ సూరత్‌లో సాంచెల దగ్గర, ఆ మరమగ్గాల మధ్య ఏళ్ళ తరబడి పీల్చిన దుమ్ము ఆయన ఊపిరిని పట్టేసింది. కోడలిగా వచ్చిన కొత్తలో నేను ఆయన ముందు నోరు విప్పేదాన్ని కాదు. ఆయనా నన్ను పిలిచేవారు కాదు. ఖాళీ గ్లాసు టక్‌మని నేల మీద పెడితే ఛాయ్ కావాలని నాకు తెలిసేది.

మా మధ్య మాటలు కలిసింది ఫోన్‌లో ఒక ఆట వల్ల. అందులో మనుషుల్ని మనమే తయారుచేసి, ఇల్లు కట్టి, అన్నం పెట్టి, పనికి పంపాలి. దాంట్లో రాత హిందీ. మామయ్యకు చదవరాదు, నేను ఇక్కడికొచ్చాక కూడబలుక్కుని చదవడం నేర్చాను. మా ఇంట్లో అందర్నీ ఆయన ఆ ఆటలో పెట్టారు. లావుపాటి అత్తమ్మ, గుబురు మీసాల మామయ్య, మా ఆయన, కొంగు కప్పుకున్న నేను.

ఆ ఆటలో మనుషులు చిత్రంగా చస్తారు. ఒకడు రొట్టె కాలుస్తూ తానే బొగ్గు అయిపోతాడు, కళ్ళు మాత్రం టపటపమంటుంటాయి. ఒకామె నవ్వీ నవ్వీ బుడగలా ఉబ్బి పేలిపోతుంది. వెంటనే యముడి మనిషి నల్ల గొడుగేసుకుని వస్తాడు. వచ్చినవాడు తన పని చూసుకోకుండా ముందు సోఫాలో కూర్చుని టీవీ చూస్తాడు. మామయ్య పడీ పడీ నవ్వి అత్తమ్మను పిలిచేవారు.

“ఓయ్, ఇగో నువ్వు సచ్చినవ్! జర ఛాయ్ పెట్టి పో.”

“నీ నోట్లె మన్నువడ! పొద్దుగాల లేసిన కాంచి ఇంటోళ్ళను సంపుడే నీకు పని.” వంటింట్లోంచి అత్తమ్మ.

“నేనేడ సంపిన? యముని మనిషి నిన్ను జూసి గొడుగు ఇడిసివెట్టి ఉరికిండు.”

నేను కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేదాన్ని. “గట్టిగ నవ్వు బిడ్డా. మనం నవ్వినంత సేపు వాడు టీవీ కాడనే కూసుంటడు” అనేవారు.

మా ఆయనకు చిన్నప్పుడు కుస్తీ నేర్పింది మామయ్యే. తర్వాత మా ఆయన బాక్సింగ్ కూడా నేర్చి, ఇనుప జాలీ బోనులో జరిగే పోటీల్లో దిగడం మొదలుపెట్టారు. పగలంతా సాంచెలు, ఆపైన సాధన. ఊళ్ళోనే అడాజన్ వైపు పెద్ద పోటీ ఒకటి వచ్చింది. గెలిస్తే అక్కడి జిమ్‌లో నేర్పే ఉద్యోగం ఇస్తామన్నారు. కొడుకు కూడా తనలా దమ్ముతో మంచాన పడకూడదని మామయ్య ఆశ. ఇంట్లో అందరం ఆ ఆదివారం కోసమే చూస్తున్నాం.

సాధనలో మా ఆయన ఎడమ కంటికి దెబ్బ తగిలింది. పైకి ఏమీ లేదు. కానీ ఆ వైపు పెట్టిన పళ్ళెం చూడక తోసేశారు. తలుపుకు ఎడమ భుజం కొట్టుకున్నారు. గట్టిగా అడిగితే, కంట్లో నల్ల తెరలాగా దిగుతోందని చెప్పి, నా చెయ్యి లాగి తన నెత్తి మీద పెట్టుకున్నారు.

“ఎవ్వరికి చెప్పొద్దు. చెప్తె నా మీద ఒట్టే. ఆదివారం అయినంక దవాఖానకు పోత.”

“ఆడ మల్ల దెబ్బ తాకితె?”

“తాకనియ్యను.”

మొగుడి నెత్తి మీద వేసిన ఒట్టు. దాటితే ఆయనకేమవుతుందోనని భయం, దాటకపోతే కన్నేమవుతుందోనని భయం.

శుక్రవారం మామయ్య ఫోన్ నా చేతికిచ్చారు. “పిలగానికి కొత్త బట్టలు తొడుగు బిడ్డా, పోటీకి పోవాలె గదా” అన్నారు. ఆటలోని మా ఆయనకు. ఆ బట్టల పెట్టెలో టోపీలు, కళ్ళద్దాలు, వాటి పక్కనే దొంగలు కట్టుకునేలాంటి నల్ల కంటిపట్టీ ఉంది. నా వేలు అక్కడ ఆగింది. ఒట్టు నోటికి వేశారు గాని వేలికి కాదు కదా అనుకున్నాను. ఎడమ కంటికి పట్టీ కట్టి ఫోన్ ఇచ్చేశాను.

“ఇదేంది, నా కొడుకును దొంగోని లెక్క జేసినవ్!” మామయ్య నవ్వుతూ బొమ్మను గోదాలో దింపారు. ఎదుటివాడు ఒక్కటే గుద్దాడు. మా బొమ్మ అప్పడంలా చదునై గోడకు అతుక్కుంది. గొడుగు మనిషి వచ్చి దాన్ని ఊడబెరికి చాపలా చుట్టి చంకన పెట్టుకున్నాడు. మామయ్యకు నవ్వుతో పొలమారింది. నీళ్ళ కోసం నా వైపు తిరిగారు. నేను నవ్వడం లేదు.

ఆయన ఫోన్ చూశారు. నన్ను చూశారు.

“ఎడమ కన్నా?”

నేను తల వంచుకున్నాను.

సాయంత్రం కొడుకు వచ్చి పక్కన కూర్చుంటే, మామయ్య ఎడమ వైపు నుంచి అరటిపండు చాపారు. మా ఆయన ఎదురుగా చూస్తూ పోటీ ముచ్చట్లు చెబుతూనే ఉన్నారు. చాపిన చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. కాసేపటికి పండు వెనక్కి తీసుకుని ఒలవబోయారు. ఒలవకుండానే దిండు పక్కన పెట్టేశారు.

ఉస్తాద్ కాళ్ళకు మొక్కకుండా మామయ్య శిష్యులెవరూ గోదాలో దిగరని మీకు తెలుసు. ఆదివారం కింద దోస్తులు హారన్ కొడుతున్నారు. మా ఆయన సంచి భుజానేసుకుని వంగారు. మామయ్య రెండు కాళ్ళూ ముడుచుకుని దుప్పటి కిందికి లాక్కున్నారు.

“బాపు, కాళ్ళియ్యి.”

“ఇయ్య.”

“మజాక్ జెయ్యకు. అందరు కిందున్నరు.”

“మొక్కకుంట పోతె పో.”

“గిదేంది బాపు? నీకెవలన్న ఏమన్న చెప్పిండ్రా?” అంటూ మా ఆయన నా వైపు తిరిగారు. చీరల దారాలు కత్తిరిస్తున్న నా చేతిలోంచి కత్తెర జారిపోయింది.

“దాని దిక్కేం జూస్తవ్, నన్ను జూడు. ఎవ్వలేం చెప్పలే. నా కంటె పెద్ద పహిల్వాన్ అయితవని నాకు కుళ్ళు. సాలా?”

అత్తమ్మ బయటికొచ్చింది. “ఏం మాటలయ్యా అవి! కన్నకొడుకు మీద కుళ్ళా?”

“కుళ్ళే. తల కాంచి కాలి దాక దవాఖానల సూపిచ్చుకొని రమ్మను. అప్పుడిస్త కాళ్ళు.”

హారన్ మోగుతూనే ఉంది. కాళ్ళు ముడిస్తే మామయ్యకు ఊపిరాడదు. పెదవులు నల్లబడుతున్నాయి, అయినా చాపలేదు. మా ఆయన వంగినవారు వంగినట్టే ఉన్నారు. కింద హారన్ ఆగింది. బండి వెళ్ళిపోయిన చప్పుడు వినిపించింది. మా ఆయన సంచిని గోడకేసి కొట్టి బయటికి నడిచారు. అప్పుడు గాని మామయ్య కాళ్ళు చాపలేదు.

ఒంట్లో ఏమీ లేదని డాక్టర్‌తో చెప్పించి తండ్రి నోరు మూయించాలని మా ఆయన ఆ పంతంతోనే దవాఖానకు వెళ్ళారు. అక్కడ డాక్టర్లు కంటి లోపలి పొర ఊడుతోందని, ఇంకో దెబ్బ తగిలుంటే కన్ను దక్కేది కాదని చెప్పి ఆపరేషన్ చేశారు. కంటికి కట్టుతో ఇంటికొచ్చిన కొడుకును చూసి మామయ్య ఏదో అనబోయి, నా వైపు చూసి మింగేశారు. కాళ్ళు మాత్రం చాపారు. మా ఆయన మంచం అంచున కూర్చుని చాలాసేపు వాటిని పిసికారు. ఆ కుళ్ళు మాటను మామయ్య చివరిదాకా వెనక్కి తీసుకోలేదు. పట్టీ సంగతి అత్తమ్మకు కూడా చెప్పలేదు.

జిమ్ ఉద్యోగం వేరేవాళ్ళకు పోయింది. మా ఆయన మళ్ళీ సాంచెలకే పోతున్నారు. నేనిది రాస్తుంటే ఆయన గ్యాలరీలో నిలబడి, కుడి కన్ను అరచేత్తో మూసుకుని, ఎదుటి డాబా మీద ఆరేసిన చీరల వైపు చూస్తున్నారు.

“ఎర్రది... పచ్చది... ఏమే, ఆ చివరిది నీలమా, నలుపా?”

“నీలం.”

“నాకు నీలమే కనవడ్తుంది” అని ఇంకా అట్లాగే చూస్తున్నారు.

అక్కలారా, మామయ్య తన మీద వేసుకున్న ఆ కుళ్ళు మాట అట్లాగే ఉండనివ్వండి. చదివాక దీన్ని పొయ్యిలో వేసి కాల్చేయండి.